రైలింజను ఎక్కినోళ్లు

మోచేతులు ముందుకు తెచ్చుకో. రెండు చేతులూ రొమ్ముకి అడ్డం పెట్టు. అట్లయితేనే ఊపిరాడుతుంది.

ఇది ఆవిలాల, తిరుపతికి దక్షిణపు అంచు. 2008 ఆగస్టు 26, మంగళవారం. ఎండ వాలింది గానీ ఉక్క తగ్గలేదు. నీ ముందు వీపులు, వెనక పొట్టలు, రెండు పక్కలా భుజాలు. దుమ్ము, చెమట, ఎవరి సంచిలోంచో పొద్దుటి చిత్రాన్నం వాసన. మైకులో పాట ఆగినప్పుడల్లా లక్షల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి, వచ్చేశాడేమోనని. రాలేదు. మళ్లీ పాట.

నీకు ఇరవై నాలుగేళ్లు. కొర్లగుంటలో ఇల్లు, ఆర్టీసీ బస్టాండు దగ్గర ఆటో. చొక్కా జేబులో అభిమాన సంఘం కార్డు చెమటకి మెత్తబడిపోయింది. కొత్త సినిమా రిలీజైతే కటౌట్ మీదికెక్కి పాలు పోసేది నువ్వే. నాలుగు రోజుల కిందట, 22న, అన్నయ్య చిరంజీవి పుట్టినరోజని రక్తం ఇచ్చొచ్చిందీ నువ్వే. ఇన్నేళ్లూ ఆయన్ని తెర మీదే చూశావు. ఇవాళ మనిషిగా నీ ఊరికి వస్తున్నాడు, పార్టీ పెట్టడానికి.

పక్కనున్నాయనది శ్రీకాకుళం అంట. రాత్రంతా రైల్లో నిలబడే వచ్చాడంట.

"ఏం తమ్ముడూ, ఎప్పుడొస్తారు అన్నయ్య?"

"దోవలో ఉండాడంటన్నా. వచ్చేస్తాడు."

"హైదరాబాదు వదిలేసి ఇంత దూరం ఎందుకు పెట్టారో!"

ఆ మాట నువ్వూ ఆలోచించావు. తొమ్మిది రోజుల కిందట, 17న, రాజకీయాల్లోకి వస్తున్నానని చిరంజీవి చెప్పింది హైదరాబాదులోనే. పార్టీ పేరు, జెండా మాత్రం తిరుపతిలో అన్నాడు. కొండ మీద స్వామి ఉన్నాడు, అది ఒకటి. ఊళ్లో బలిజలు ఎక్కువ, సంఘాలు గట్టివి, అది రెండోది. మూడోది మీ నాయన రోజూ చెప్పేదే: 1983లో ఎన్టీ రామారావు గెలిచిన సీట్లలో తిరుపతి ఒకటి. "పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే ముఖ్యమంత్రి అయిపోయినాడురా" అంటాడు నాయన. ఎలక్షన్లకి ఇంకా ఎన్ని నెలలుందో నువ్వు వేళ్ల మీద లెక్కేసి చూశావు. ఎనిమిది. సరిపోతుంది అనుకున్నావు.

కుడి పక్క నుంచి ఒక తోపు. చిన్నదే. ఒళ్లు వదులు చేసి దాంతోపాటే ఊగుతావు.

ఇంకోటి.

ఈసారి కాళ్లు నేలకి అందవు.

ఎడమవైపు వెదురు కంచె కరకరమంటుంది. "ఆడోళ్లుండారు, తొయ్యొద్దండ్రా!" ఎవరో అరుస్తున్నారు. ఎవరూ వినరు. నీ చెప్పు ఊడింది. వంగకు. వంగితే లేవలేవు. వదిలెయ్. ఎదురు తొయ్యకు. పక్కకి జరుగు. రెండడుగులు. ఆగు. ఇంకో రెండు.

నడుం దగ్గర ఏదో మెత్తగా తగులుతుంది. పిల్లోడు. పదేళ్లుండవు. వాడి మొహం ముందున్నాయన బెల్టుకి ఒత్తుకుపోయింది. ఏడవడానికి కూడా గాలి లేదు. వాణ్ని ఎత్తాలంటే నీ చేతులు రొమ్ము మీద నుంచి తియ్యాలి.

తియ్.

పిల్లోడు నీ భుజాల మీద. పక్కటెముకలు నొక్కుకుపోతున్నాయి. ఒకటి. రెండు. మూడు. తోపు సడలింది. కాళ్లు నేలకి ఆనాయి. ఆ క్షణానే మైదానం మొత్తం గర్జిస్తుంది.

"వచ్చినాడన్నా! వచ్చినాడు!" పిల్లోడు నీ జుట్టు పట్టుకుని గుంజుతున్నాడు. నీకు కనపడేవి వాడి మోకాళ్లే. మైకులో మాత్రం వినపడుతుంది: ప్రజారాజ్యం. పేరు అదే. లక్షల నోళ్లు దాన్ని అందుకుంటాయి.

"జెండా ఎట్లుందిరా?" అరుస్తావు పైకి.

"తెల్లగా ఉందన్నా. కింద పచ్చగా. మధ్యలో ఎర్రటి సూర్యుడు!"

సామాజిక న్యాయం, మార్పు, ప్రజలే పాలకులు. మాటలు దుమ్ములోంచి ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి. నువ్వు ఆయన్ని చూడనే లేదు. రాత్రి ఇంటికెళ్లి అమ్మతో మాత్రం చూశానని చెబుతావు.

మర్నాటి నుంచీ నీకు నిద్ర లేదు. వార్డు కమిటీ అంటారు, సభ్యత్వాలంటారు. అన్నయ్య ప్రజా అంకిత యాత్ర అని జిల్లాలు తిరుగుతున్నాడు, జనం దారి పొడవునా నిలబడుతున్నారు. తమ్ముడు పవన్ కల్యాణ్ చేతికి పార్టీ యువజన విభాగం యువరాజ్యం ఇచ్చారు, నువ్వు అందులో చేరావు. బావ గోపీచందనం కొట్టు దగ్గర కూర్చుని నవ్వుతాడు. బావ కాంగ్రెస్. "సినిమాకి టికెట్టు నువ్వు కొంటావు, ఎలక్షన్‌కి టికెట్టు ఎవురు కొంటారో చూస్తా ఉండు బావా" అంటాడు.

వాడి మాట కారంలా తగులుతుంది, ఎందుకంటే కొత్త మొహాలు వస్తాయనుకున్న చోటికి పాత మొహాలు వస్తున్నాయి. తెలుగుదేశం నుంచి భూమా నాగిరెడ్డి, శోభా నాగిరెడ్డి వచ్చారు. దేవేందర్ గౌడ్ తన నవ తెలంగాణ పార్టీనే తెచ్చి కలిపాడు, ఎలక్షన్లయ్యాక విడిపోయి మళ్లీ తెలుగుదేశం గూటికే చేరతాడు. టికెట్లు అమ్ముకుంటున్నారని పేపర్లు రాస్తున్నాయి. పార్టీ కాదంటోంది. పోలింగు దగ్గరపడ్డాక పరకాల ప్రభాకర్ బయటికి పోతూ పోతూ ఈ పార్టీని విషవృక్షమన్నాడు. ఆయన నిన్నటిదాకా పార్టీ తరఫున టీవీల్లో మాట్లాడిన మనిషి.

మీ సంఘం ప్రెసిడెంటు ఇరవై ఏళ్లుగా సొంత డబ్బు పెట్టి బ్యానర్లు కట్టినవాడు. ఆయనకి కార్పొరేటర్ టికెట్టైనా వస్తుందా అని అడుగుతావు. "అన్నయ్య చూసుకుంటాడులేరా" అంటాడు. ఇక్కడ నువ్వు ఆగి ఒక్క ప్రశ్న అడగొచ్చు: పార్టీలో ఏదైనా తేలాలంటే ఎవరిని అడగాలి? ఓటు వేసి తేల్చుకునే కమిటీ ఏదైనా ఉందా? నీకు తోచదు. తోచినా అడగవు. అన్నయ్య ఉండగా కమిటీ ఎందుకు?

2009 ఏప్రిల్ 23, గురువారం. రాయలసీమకి రెండో విడత పోలింగు. స్కూల్లో చాక్‌పీసు గీతల వెంబడి క్యూ. నీ వెనక నాయన, నాయన వెనక అమ్మ. అన్నయ్య తిరుపతిలోనూ నిలబడ్డాడు, సొంత జిల్లా పశ్చిమ గోదావరిలో పాలకొల్లులోనూ నిలబడ్డాడు. ఇక్కడ ఎదురు కాంగ్రెస్ తరఫున భూమన కరుణాకర్ రెడ్డి, మొన్నమొన్నటిదాకా టీటీడీ చైర్మన్. మిషను మీద రైలింజను గుర్తు వెతుకుతావు. నొక్కుతావు. బీప్ అంటుంది, సిరా వేలు ఊదుకుంటూ బయటికొస్తావు. నాయన మొహం చూస్తే ఏ గుర్తుకేశాడో తెలియదు. అడగవు.

మే 16, శనివారం. లీలామహల్ సర్కిల్ దగ్గర టీవీల షాపు. అద్దం బయట వంద మంది, లోపల వరసగా టీవీలు, అన్నిట్లో ఒకే అంకెలు. ఒకడి భుజం మీద రంగుల సంచి ఉంది, జల్లుకోవడానికి.

పదకొండయ్యేసరికి సంచి మూతి ఇంకా కట్టే ఉంది.

పాలకొల్లు పోయింది. కాంగ్రెస్ అభ్యర్థి బంగారు ఉషారాణి చేతిలో, అయిదు వేల పైచిలుకు తేడాతో, పుట్టింటి జిల్లాలో. అద్దానికి ఆనుకుని ఉన్న ఒక పెద్దమనిషి అక్కడే కూలబడ్డాడు. అనకాపల్లి లోక్‌సభకి నిలబడ్డ అన్నయ్య బావమరిది అల్లు అరవింద్ ఓడాడు. లోక్‌సభకి రైలింజను మీద ఒక్కరూ వెళ్లలేదు.

తిరుపతి?

ఎవరూ మాట్లాడరు. తెర మీద చక్రం తిరుగుతుంది.

గెలిచాడు. దాదాపు 16 వేల మెజారిటీ. రంగుల సంచి విప్పుతారు. నువ్వు గంతులేస్తున్నావు, అయినా కళ్లు కింది వరస అంకెల మీదనే ఉన్నాయి. 294 సీట్లు. కాంగ్రెస్ 156. తెలుగుదేశం 92. ప్రజారాజ్యం 18. మీ చిత్తూరు జిల్లాలో 14 సీట్లుంటే ఈ ఒక్కటే. తెలంగాణలో నిర్మల్, బాల్కొండ, అంతే.

"పద్దెనిమిదేనా? ఆ జనమంతా ఏమైపోయినార్రా?" అంటావు.

జనం ఎక్కడికీ పోలేదు. రాష్ట్రంలో పోలైన ఓట్లలో నూటికి పదహారు పైన రైలింజనుకే పడ్డాయి. ఆరుగురిలో ఒకడు నీలాంటివాడే అన్నమాట. కాకపోతే ఆ ఆరోవాడు ఊరూరా చెల్లాచెదురుగా ఉన్నాడు. మన ఎలక్షన్లో ఒక్కో నియోజకవర్గంలో ఎవడు ముందుంటే వాడిదే సీటు, మూడో స్థానానికి వచ్చిన ఓట్లు ఎన్నైనా లెక్కలోకి రావు. కొత్తగా పెట్టిన పార్టీకి ఆరో వంతు ఓట్లంటే నిజానికి చిన్న సంగతి కాదు. ఓపికగా అయిదేళ్లు కూర్చుంటే కాసేది. ఈ మాట ఆ రోజు షాపు ముందు ఎవరైనా అంటే నువ్వు కొట్టేవాడివి. నీకు కావలసింది ముఖ్యమంత్రి.

ఆ తర్వాత రోజులు పరుగెత్తాయి. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కూలింది. రచ్చబండకని ఆయన బయల్దేరింది మీ జిల్లాకే. డిసెంబరు 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రకటన చేశాడు. తెల్లారేసరికి ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు రోడ్డు మీదికొచ్చారు. ఆటోలు బందు. అన్నయ్య సమైక్యాంధ్ర వైపు నిలబడ్డాడు. మీకు సంతోషం, తెలంగాణలో జెండా మోసినవాళ్లకి తలకొట్టేసినట్టయింది. అక్కడి నాయకులు ఒక్కొక్కరే దిగిపోయారు. 2010 నవంబరులో మీ జిల్లావాడే, పీలేరు ఎమ్మెల్యే కిరణ్ కుమార్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. నాలుగు రోజులకి రాజశేఖరరెడ్డి కొడుకు జగన్ కాంగ్రెస్‌కి రాజీనామా ఇచ్చాడు.

"జగన్ పోతే మనకేంది?" అన్నావు నువ్వు టీ తాగుతూ.

చాలా ఉంది. మెజారిటీ మార్కు 148. కాంగ్రెస్ దగ్గర ఉన్నది 156. అందులోంచి జగన్ వెంట పదిమంది కదిలితే ప్రభుత్వం పడిపోతుంది. ఆ పదిమంది స్థానంలో పెట్టుకోవడానికి ఎక్కడ దొరుకుతారు? పక్కనే ఉన్నారు. పద్దెనిమిది మంది.

2011 జనవరి ఆఖరున కాంగ్రెస్ నాయకుడు ఏ.కె. ఆంటోనీ హైదరాబాదు వచ్చి అన్నయ్యని కలిశాడు. సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ చేశావు. "ఊరికే మర్యాదకిలేరా" అన్నాడు. గొంతులో మాత్రం ధీమా లేదు.

ఫిబ్రవరి 6, ఆదివారం. యాత్రికులు కిటకిట. మద్రాసు కుటుంబాన్ని అలిపిరిలో దించి, చిల్లర లెక్కపెడుతున్నావు. ఫోన్ మోగింది.

"మామా, టీవీ చూసినావా?"

"ఆటోలో టీవీ యాడుంటుందిరా."

"యాడైనా చూడు. తొందరగా."

టీ బంకు. జనం టీవీ కిందికి చేరారు. ఢిల్లీ. పది జనపథ్. అన్నయ్య లోపలికి పోయి వచ్చాడు. సోనియా గాంధీని కలిశాడు. మైకులు ముందున్నాయి.

విలీనం.

ఎవడో సౌండు పెంచాడు.

కాంగ్రెస్‌లో విలీనం.

నీ చెవులు గుయ్యిమంటాయి. ప్రెసిడెంటుకి ఫోన్. స్విచ్చాఫ్. మళ్లీ. స్విచ్చాఫ్. వార్డు కమిటీ వాడికి. ఎత్తడు. ఆటో స్టాండుకి పో. అక్కడే ఉంటారు అంతా.

ఉన్నారు. జెండా దిమ్మె చుట్టూ పదిహేను మంది. పార్టీ పెట్టిన నెలలో మీరే చందాలేసుకుని కట్టిన దిమ్మె. ఒకడి చేతిలో కిరసనాయిల్ సీసా. ఇంకొకడు స్తంభం ఎక్కుతున్నాడు. తాడు ముడి రావడం లేదు. పళ్లతో లాగుతున్నాడు. అవతలి రోడ్డు మీద జీపు. పోలీసులు దిగారు. ఇంకా రాలేదు. వస్తున్నారు.

జెండా జారింది. నీ చేతిలో పడింది.

"వెయ్ మామా! కింద వెయ్! అంటించేద్దాం!"

వెయ్యొచ్చు. అంటించొచ్చు. కోపం నీకూ ఉంది. మడిచి చంకలో పెట్టుకుని పోవచ్చు. అప్పుడు వీళ్లు నిన్ను తిడతారు. లేదంటే అన్నయ్య ఏదో ఆలోచించే చేసుంటాడని వీళ్లకి సర్దిచెప్పొచ్చు. అది మాత్రం నోట్లోంచి రాదు. లాఠీ చప్పుడు. పది అడుగులు. తేల్చుకో.

మడిచావు. ఆటో సీటు కిందికి తోశావు. స్టార్ట్ చేశావు.

సందు మలుపులో బావ. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఎక్కి కూర్చున్నాడు. మొహం నిండా నవ్వు. "ఇంక మనిద్దరిదీ ఒకే పార్టీ కదా బావా. రా, టీ పోయిస్తా."

ఆ టీ తాగుతున్నప్పుడు కోపం మెల్లగా ప్రశ్నగా మారుతుంది. పార్టీని అట్లా కలిపెయ్యొచ్చా? సభ్యత్వ పుస్తకంలో నీ పేరుంది, సంతకం ఉంది. ఎవరైనా అడిగారా?

అడగనక్కర్లేదు. రాజ్యాంగం పదో షెడ్యూలు అడిగేది ఎమ్మెల్యేలని. మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే విలీనం చెల్లుతుంది, ఎవరి పదవీ పోదు. 18లో పన్నెండు చాలు. ఆవిలాలలో నలిగినవాళ్లు, స్తంభం ఎక్కినవాళ్లు ఆ లెక్కలో ఎక్కడా లేరు. ఫిరాయింపులు ఆపడానికి పెట్టిన చట్టం ఒక్కడు దూకితే తప్పంటుంది, గుంపుగా దూకితే విలీనమంటుంది. పోనీ చట్టం సంగతి వదిలెయ్. పార్టీలో నువ్వెక్కడున్నావు? అన్నయ్య చూసుకుంటాడని నువ్వే కదా అన్నీ వదిలేసింది? ఆయన చూసుకున్నాడు.

ఆగస్టులో కాగితాలు కూడా పూర్తయ్యాయి. మూడేళ్లు నిండాయో లేదో, ప్రజారాజ్యం లేదు. డిసెంబరులో తెలుగుదేశం అవిశ్వాసం పెట్టింది. పాత రైలింజను ఎమ్మెల్యేల ఓట్లు దాదాపు అన్నీ కిరణ్ సర్కారుకే. శోభా నాగిరెడ్డి మాత్రం జగన్ వైపు నిలబడి ఎదురు వేసింది. 160కి 122. ప్రభుత్వం నిలిచింది. జనవరిలో పాత ప్రజారాజ్యంవాళ్లు గంటా శ్రీనివాసరావు, సి. రామచంద్రయ్య మంత్రులయ్యారు. వసంతానికి అన్నయ్య రాజ్యసభకి వెళ్లాడు. తిరుపతి సీటు ఖాళీ.

మళ్లీ ఎలక్షన్. 2012 జూన్ 12.

ఈసారి అన్నయ్య తిరుపతి వచ్చి చెయ్యి గుర్తుకి ఓటెయ్యమని అడుగుతున్నాడు. ఫ్యాను గుర్తు మీద ఎదురు నిలబడ్డది ఎవరనుకున్నావు? భూమన కరుణాకర్ రెడ్డే. మూడేళ్ల కిందట చెయ్యి గుర్తు మీద నువ్వు ఓడించిన మనిషి. ఆయన జగన్ పార్టీలోకి మారాడు, అన్నయ్య ఆయన వదిలిన గుర్తు కిందికి మారాడు. నువ్వు మాత్రం అదే ఊరు, అదే బూత్. ప్రచార వాహనం బస్టాండు ముందు నుంచి పోతుంటే పైన నిలబడ్డ అన్నయ్య ఇంత దగ్గరగా కనిపిస్తాడు. ఆవిలాలలో దొరకని చూపు, ఇప్పుడు ఇరవై అడుగుల దూరంలో. ఆయన చెయ్యి ఊపుతాడు. నీ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. ఎత్తుతావా?

సగం ఎత్తావు.

బూత్‌లో మిషను. చెయ్యి. ఫ్యాను. సైకిల్. రైలింజను కోసం కళ్లు ఇంకా వెతుకుతాయి. అధికారి దగ్గుతాడు. వెనక క్యూ ఉంది. నొక్కు.

15న అంకెలొచ్చాయి. భూమన 17 వేల పైచిలుకుతో గెలిచాడు. 18 అసెంబ్లీ సీట్లకి ఉప ఎన్నికలు జరిగితే కాంగ్రెస్‌కి దక్కినవి రెండే, నరసాపురం, రామచంద్రపురం. రెండూ గోదావరి జిల్లాలవే. అన్నయ్య సొంతూరు మొగల్తూరు ఆ నరసాపురంలోనే ఉంది. పాలకొల్లులో కాదన్న పుట్టింటివాళ్లు ఈసారి మాట విన్నారు, నెత్తిన పెట్టుకున్న తిరుపతి వినలేదు. దీన్ని ద్రోహమనాలా, లెక్క తేల్చుకోవడమనాలా? నన్నడిగితే రెండోదే అంటాను. నువ్వు ఏది నొక్కావో నేనడగను.

సాయంత్రం ఆటో స్టాండుకి ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. కొత్త జెండాలు, ఇంకా ఇస్త్రీ మడత కూడా పోలేదు. విజయోత్సవ ర్యాలీకి ఆటోలు కావాలంట.

"రాన్నా, ముందు వరసలో నీ బండే పెడతాం. జెండా మేమే కడతాం."

"ర్యాలీ యాడి నుంచి యాడికి?"

"బస్టాండు కాడ్నించి అలిపిరి, మళ్లా ఎనక్కి. రెండు గంటలు."

"ఎనిమిది నూర్లు. డీజిలు మీదే."

"అదేందన్నా, పార్టీ కోసం..."

"ముందుగానే ఇయ్యాల."